తల్లి లేని కోడిపిల్లలు: ఇంటిలోనే బ్రూడరు అమర్చుకొనే విధానం

కోడి గుడ్ల మీద కూర్చుండి వాటికి వెచ్చదనమిచ్చే పనిని తెలుగువారు ‘పొదుగుట’ అంటారు. ఉర్దూలో అదే పనిని ‘అండే సేనా’ అంటారు. ఈ రెండు మాటలూ గుడ్డు పగిలేవరకే వర్తిస్తాయి. పిల్ల బయటపడిన తరువాత తల్లి మరి కొన్ని వారాలపాటు దానిని రెక్కల చాటున పెట్టుకొని సాకుతుంది గదా, ఆ పనికి వాడుకలో విడిగా ఒక పేరు మాకు తెలిసినంతలో లేదు. పేరు పెట్టవలసిన అవసరం కలుగలేదు కాబోలు. ఆ పని కోడి చూచుకొనేది. ప్రొద్దు గుంకగానే గంప మూయడం, తెల్లవారగానే తీయడం తప్ప మనిషి చేసినది తక్కువ. నేడు ఆ పని మనిషి మీద పడింది. ఆంగ్లంలో దానిని ‘బ్రూడింగ్’ అనీ, అందుకు వాడే సాధనాన్ని ‘బ్రూడర్’ అనీ అంటారు. కోళ్ళ పెంపకం గురించిన తెలుగు పుస్తకాలలోనూ ఆ మాటలే తెలుగు లిపిలో కనిపిస్తాయి. కనుక మేమూ ఈ వ్యాసంలో ‘బ్రూడరు’ అనే వ్యవహరిస్తాము.

గుడ్లను కోడి లేకుండా పొదిగించడం కొత్త విద్య కాదు. ఈజిప్టు దేశంలో మట్టితో కట్టిన పొయ్యిగదులలో గుడ్లు పొదిగించే పద్ధతి రెండువేల ఏండ్లకు పైబడినది. ఇప్పుడు ఆ పనిని యంత్రాలు చేస్తున్నాయి. గుడ్డు నుండి వెలువడే ముందు పిల్ల తన పచ్చసొనలో మిగిలిన భాగాన్ని కడుపులోనికి లాగుకొంటుంది. ఆ నిలువ ఆహారం బలముచేత రెండు మూడు రోజులు మేత, నీరు లేకున్నా బ్రతుకగలదు. అందువలననే ఒకరోజు పిల్లలను పెట్టెలలో సర్ది ఊళ్ళు దాటించడం సాధ్యమవుతున్నది. హైదరాబాదు రాజేంద్రనగరంలోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకాలు ఇట్లే పల్లెలకు చేరుతున్నవి. గ్రుడ్ల కోసం వంశపారంపర్యంగా ఎంపిక చేసిన జాతులలో పొదిగే స్వభావమే సన్నగిల్లిపోయింది. పిల్ల వచ్చింది, తల్లి రాలేదు. చిక్కంతా ఇక్కడ ఉన్నది.

మా మొదటి ప్రయత్నం చెప్పుకోదగినది కాదు, అయినా చెప్పుట అవసరం. ఒక సంవత్సరం పుష్యమాసపు చలిలో 25 పిల్లలను కొని తెచ్చాము. అమ్మినవారు “ఒక అట్టపెట్టె, ఒక బల్బు ఉంటే చాలు” అన్నారు. కిరాణా అంగడి నుండి సబ్బుల అట్టపెట్టె తెచ్చి, అడుగున వార్తాపత్రిక పరచి, పైన 60 వాట్ల బల్బు వ్రేలాడగట్టి, మూత సగం మూసి, నిశ్చింతగా నిద్రించాము. రాత్రి ఏ వేళలోనో విద్యుత్తు పోయింది. తెల్లవారి చూడగా ఒక మూలలో పిల్లలన్నీ గుట్టగా పడి ఉన్నవి. పైనున్నవి బ్రతికినవి. అడుగున పదకొండు పిల్లలు నలిగి, ఊపిరాడక చనిపోయినవి. చలికి చనిపోయినవని మేము అనుకొన్నాము. మా అమ్మీ వచ్చి, ఆ పెట్టెను అటూ ఇటూ త్రిప్పి చూచి, “ఏ కోడికైనా మూలలుంటాయా, బేటా?” అని అడిగింది.

ఆమె బాల్యమంతా పెరటి కోళ్ళ మధ్య గడచింది. చదువుకొన్నది కురాను పారాయణం వరకే. అయినా బ్రూడరును గురించి ఆ తరువాత మేము చదివిన సంగతులు చాలావరకు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నవి. చలి వేసినప్పుడు పిల్ల ముందుకే పోతుంది. వెనుకది దానిని నెట్టుతుంది. మూల ఉంటే అక్కడ చిక్కుకొని తిరిగి రాలేదు. గుండ్రని చోట అయితే అంచు వెంబడి జారి ప్రక్కకు వస్తుంది.

అయితే మూలలు తీసివేస్తే సరిపోదు. పిల్లలు తల్లి క్రింద ఎట్లు మసలుతాయో గమనించవలెను. అవి దినమంతా రెక్కల క్రిందనే ఉండవు. బయటికి వచ్చి, గీరి, రెండు గింజలు ఏరుకొని, ఒడలు చల్లబడగానే మరల రెక్క క్రిందికి దూరుతాయి. వెచ్చబడగానే మరల తల బయటపెడతాయి. తల్లి ఎవరినీ పట్టి ఉంచదు, ఎవరినీ తరుమదు. మా అట్టపెట్టెలో అంతటా ఒకటే వేడి. దీపం ఆరితే అంతటా ఒకటే చలి. కాబట్టి బ్రూడరు అంటే వేడిచేసిన పెట్టె కాదు. ఒక వెచ్చని చోటు, దాని చుట్టూ ఒక చల్లని చోటు, ఆ రెంటికీ నడుమ అడ్డులేని దారి – ఈ మూడూ కలిగినదే బ్రూడరు. ఎంత వేడి కావలెనో పిల్ల తానే ఎంచుకొంటుంది. క్రింద చెప్పబోయే పనులన్నీ ఆ ఎంపికకు వీలు కల్పించడానికే.

మొదట కంచె. నాలుగు అట్టపెట్టెలను విప్పి, ఒకటిన్నర అడుగుల ఎత్తు పట్టీలుగా కోసి, దబ్బనంతో కుట్టి 12 అడుగుల పొడవు పట్టీ తయారు చేసుకొన్నాము. దానిని వలయంగా నిలిపితే అడ్డకొలత నాలుగు అడుగులకు కొంచెం తక్కువ వస్తుంది. 25 పిల్లలకు తలకు సుమారు అర చదరపు అడుగు చోటు దొరుకుతుంది. వెదురు తడిక అయినా, రేకు అయినా పనికివస్తుంది. పిల్లలు 50 అయితే ఒకే పెద్ద వలయం కంటె రెండు చిన్న వలయాలు మేలని మా అభిప్రాయం. ఒక దానిలో ఏ పొరపాటు జరిగినా రెండవది మిగులుతుంది. మొదటి వారం గడిచిన తరువాత మరొక పట్టీ అతికి వలయాన్ని పెంచుకొంటూ పోవలెను.

నేల మీద రెండు అంగుళాల మందాన వరి ఊక పోయవలెను. వేరుశెనగ పొట్టు కూడా మంచిదే. మెత్తని రంపపు పొట్టు వద్దు. పిల్లలు దానిని మేత అనుకొని తింటాయి. ఆ కారణంగానే మొదటి మూడు నాలుగు రోజులు ఊక మీద వార్తాపత్రికలు పరుస్తారు. ఇక్కడ ఒక చిన్న మెలకువ. కాగితాన్ని ఉన్నది ఉన్నట్లు పరిస్తే నున్నగా ఉండి పిల్లల కాళ్ళు జారుతాయి, కొన్నింటికి కాళ్ళు చెరొక ప్రక్కకు పోయి నిలువలేని అవిటితనం వస్తుంది. చేతితో బాగా నలిపి, మడతలు పడిన తరువాత పరచవలెను. నాలుగైదు పొరలు వేసి రోజుకొక పొర తీసివేస్తే శుభ్రమూ అవుతుంది.

ఇక వేడి. దీనిని గురించి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. తాపీ పనివారు సిమెంటు మోసే పాత ఇనుప తట్ట, సుమారు ఒకటిన్నర అడుగు వెడల్పు గలది, ఒకటి సంపాదించాము. దానిని బోర్లించి, నడుమ రెండు రంధ్రాలు చేయించి, రెండు హోల్డర్లు బిగించి, 40 వాట్ల బల్బులు రెండు అమర్చాము. పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్క. 25 పిల్లలకు 50 వాట్లు చాలుగదా, 80 ఎందుకని అడుగవచ్చు. ఒకటి మాడిపోయినా రెండవది తెల్లవారేవరకు నిలుస్తుంది. తట్టను కప్పులోని కొక్కెం నుండి ఇనుప గొలుసుతో వ్రేలాడదీయవలెను. విద్యుత్తు తీగ మీద బరువు పడరాదు. తెగి ఊకలో పడిన బల్బు పిల్లలనే కాదు, ఇంటినీ కాల్చగలదు. తీగ రంధ్రపు అంచుకు ఒరసి తెగితే తట్టకంతా విద్యుత్తు ప్రాకుతుంది. కనుక ఆ రంధ్రాలలో రబ్బరు గొట్టపు ముక్కలు తొడిగించి, తట్టకు ఎర్తు తీగ కలిపించాము. ఈ పని తెలిసినవారిచేత చేయించవలెనే గాని, స్వయంగా పూనుకొనరాదు. వెదురు గంప తట్టకు బదులుగా వాడేవారున్నారు గాని, వేడి బల్బు ప్రక్కన ఎండు వెదురు ఉంచడానికి మాకు ధైర్యం చాలలేదు.

బల్బు విషయంలో ఈ కాలపు చిక్కు ఒకటి ఉన్నది. మా తరగతిలో చదివే ఒక విద్యార్థిని తల్లి పొదుపు సంఘంలో అప్పు తీసి 50 పిల్లలను కొన్నది. వలయం చేసింది, ఊక పోసింది, రెండు బల్బులు కట్టింది. నాలుగు రోజులలో సగానికి పైగా పిల్లలు పోయినవి. విద్యుత్తు ఒక్క గడియ కూడా పోలేదు. ఆమె కట్టినవి ఎల్.ఇ.డి. బల్బులు. గది అంతా తెల్లవారినట్లు వెలుగుతున్నది, ఆ వెలుగు క్రింద పిల్లలు వణకుచున్నవి. లోపల సన్నని తీగ ఎర్రగా కాలే పాతరకం బల్బు తాను తీసుకొన్న విద్యుత్తులో పదింట తొమ్మిది వంతులకు పైగా వేడిగానే వెదజల్లుతుంది. వెలుతురుకు అది పెద్ద లోపం గనుకనే ఎల్.ఇ.డి. దానిని వెనుకకు నెట్టింది. కోడిపిల్లకు ఆ లోపమే ప్రాణాధారం. కాబట్టి అడిగి, వెదకి పాతరకం బల్బే తెచ్చుకోవలెను. దొరకకుంటే కోళ్ళదాణా అంగళ్ళలో అమ్మే వేడిదీపాలు వాడుకోవలెను. ఆ తల్లి బల్బులు వెలిగించి రాత్రంతా కాపలా కూర్చున్నది. ఎక్కడ పొరపాటు జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పు వాయిదా మాత్రం నెల తిరుగగానే వచ్చింది. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు ప్రేరణ ఆమె.

తట్ట క్రింద ఊకకు రెండు అంగుళాల పైన, అనగా పిల్ల వీపు ఎత్తున, మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉండవలెను. సెంటీగ్రేడు లెక్కలో 35. తరువాత వారానికి ఐదు ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించుకొంటూ రావలెను. గొలుసును ఒక్కొక్క కన్ను పైకి తగిలిస్తే తట్ట లేచి వేడి తగ్గుతుంది. కొలవడానికి మేము మొదట ఇంటిలోని జ్వరమానిని పెట్టి నవ్వులపాలైనాము. జ్వరమానిని ఎక్కిన చోటనే నిలిచిపోతుంది, విదిలించనిదే దిగదు. దాని అంకెలు 94 దగ్గర గాని మొదలు కావు. గది ఉష్ణోగ్రత చూపే మామూలు సాధనం కొంటే సరి.

అయినా ఆ సాధనాన్ని నమ్మి పిల్లలను చూడడం మానరాదు. సాధనం ఒక్క చోటి సంగతే చెబుతుంది. 25 పిల్లలు 25 చోట్ల సంగతి చెబుతాయి. చలిగా ఉన్నప్పుడు అన్నీ బల్బు క్రింద ఒకదానిపై ఒకటి ఎక్కి, ఎడతెగకుండా కీచుమని అరుస్తాయి. ఆ అరుపు ప్రక్కగదికి కూడా వినబడుతుంది. వేడి ఎక్కువైతే తట్టకు దూరంగా కంచెకు అంటుకొని, రెక్కలు వ్రేలాడవేసి, నోరు తెరచి ఎగశ్వాస తీస్తాయి, అరవవు. ఈ నిశ్శబ్దం చూచి సుఖంగా ఉన్నవనుకొనడం పొరపాటు. అన్నీ ఒకే ప్రక్కకు చేరితే రెండవ ప్రక్క నుండి గాలి దూరుతున్నదని గుర్తు. తలుపు సందో, కిటికీ రెక్కో వెదకవలెను. అంతటా చెదరిపోయి, కొన్ని తింటూ, కొన్ని త్రాగుతూ, కొన్ని కాళ్ళు చాచి పడుకొని, సన్నగా తమలో తాము మాటలాడుకొన్నట్లు శబ్దం చేస్తూ ఉంటే వేడి సరిపోయినది. మా అమ్మీకి మరొక పరీక్ష ఉన్నది. పిల్లను చేతిలోనికి తీసుకొని దాని పాదాలను తన చెంపకు ఆనించి చూస్తుంది. పాదం చల్లగా తగిలితే తట్ట దించమంటుంది. కోళ్ళ శాస్త్రం చదివినవారు సైతం ఇదే పరీక్ష చేస్తారని తరువాత తెలిసికొని మేము ఆశ్చర్యపోయాము.

రాత్రి పది గంటలకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒకసారి లేచి చూడవలెను. చలి ముదిరేది ఆ రెండవ వేళకే. మే నెలలో మన రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో పగటి వేడి 40 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పగలు బల్బులు ఆర్పివేయవలసి ఉంటుంది. చలికి ఎంత భయపడతామో, వేడికీ అంత భయపడవలెను.

విద్యుత్తు పోయినప్పటి సంగతి ముందే ఆలోచించి పెట్టుకోవలెను. చాలామంది బొగ్గుల కుంపటి తెచ్చి పెడతారు. మూసిన గదిలో కుంపటి నుండి రంగు, వాసన లేని విషవాయువు పుడుతుంది. పిల్లలకే కాదు, ఆ గదిలో నిద్రించే మనుష్యులకూ అది ప్రాణాంతకం. నిప్పురవ్వ ఊకలో పడే ప్రమాదం వేరు. మేము అనుసరించే పద్ధతి ఇది. రెండు మూతిగల పాత్రలలో వేడినీరు నింపి, బిగించి, గోనెపట్టా చుట్టి తట్ట క్రింద నిలుపుతాము. కంచెపై పాత కంబళి ముప్పాతిక భాగం కప్పి, గాలికి పావు భాగం విడుస్తాము. రెండు గంటలకొకసారి నీరు మారుస్తాము. అది లేనప్పుడు గుండ్రని వెదురు బుట్టలో ఎండుగడ్డి పరచి, పిల్లలను అందులో చేర్చి, పలుచని వస్త్రం కప్పితే వాటి ఒంటివేడిమే వాటిని కొంతసేపు కాపాడుతుంది. బుట్ట సందుల నుండి గాలి ఆడుతుంది గనుక ఊపిరి సలుపుతుంది.

పిల్లలు ఇల్లు చేరేసరికి బ్రూడరు వెచ్చబడి సిద్ధంగా ఉండవలెను. 24 గంటల ముందే బల్బులు వెలిగించవలెను. ఊక అడుగునుండి వెచ్చబడడానికి అంత సమయం పడుతుంది. రాగానే మొదట నీరు, తరువాత మేత. కాచి చల్లార్చిన నీటిలో కాస్త బెల్లం కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును ముంచి వదలవలెను. ఒకటి త్రాగితే దానిని చూచి మరొకటి త్రాగుతుంది. నీటికి ప్రత్యేక పాత్ర కొనవలసిన పని లేదు. ఒక డబ్బా అంచుకు దగ్గరగా, పళ్ళెపు అంచు ఎత్తుకు లోబడి, చిన్న రంధ్రం చేసి, నీరు నింపి, పళ్ళెం మూసి తలక్రిందులు చేస్తే చాలు. పళ్ళెంలో నీరు రంధ్రం మునిగేవరకు వచ్చి ఆగిపోతుంది, పిల్లలు త్రాగిన కొలదీ మరల వస్తుంది. పళ్ళెంలో పిల్లలు పడి మునిగిపోకుండా మా అమ్మాయి ఆడుకొనే గోళీలు పరచాము. ఆమె లెక్కపెట్టి మరీ ఇచ్చింది.

మేతను గురించి చెప్పవలసినది తక్కువ. మొదటి దినం మొక్కజొన్న రవ్వ గాని, నూకలు గాని కాగితం మీద చల్లవలెను. తల్లి కోడి ముక్కుతో నేల పొడిచి చూపుతుంది. ఆ పనిని మనం చూపుడువ్రేలితో కాగితం మీద టకటక కొట్టి చేయవచ్చు. పిల్లలు పరుగెత్తి వస్తాయి. రెండవ రోజు నుండి 20 శాతం మాంసకృత్తులు గల పిల్లల దాణా పెట్టవలెను. మొదటి రాత్రి నాలుగైదు పిల్లలను పట్టి, మెడ క్రింద మేత నిలిచే సంచిని మెల్లగా తాకి చూడవలెను. మెత్తగా నిండి ఉంటే తింటున్నవని అర్థం. ఖాళీగా ఉన్నదానిని విడిగా తీసి నీరు, మేత చూపించవలెను. వెనుకభాగాన రెట్ట అంటుకొని ఎండిపోతే గోరువెచ్చని నీటిలో దూది ముంచి తడిపి తీయవలెను, లాగరాదు.

నీటి పాత్ర చుట్టూ తడిసిన ఊకను ఆ రోజుననే తీసివేసి పొడిది వేయవలెను. మూడవ వారం మొదలు తడి ఊకలో రక్తపారుడు వ్యాధి ప్రబలుతుంది. కొక్కెర తెగులుకు 7వ రోజున కంటిలో ఒక చుక్క టీకా వేయించవలెను. మిగిలిన టీకాలకు పశువైద్యుని అడిగి తేదీలు వ్రాసి పెట్టుకోవలెను. పిల్లులు, పందికొక్కులు రాకుండా కంచెపై ఇనుప వల కప్పుట మరువరాదు. దీనిని మరచినవారి కథలు మా వీధిలోనే నాలుగు ఉన్నవి.

నాలుగవ వారానికి నూగు రాలి ఈకలు వస్తాయి. అప్పటికి పగలు బల్బు అవసరం ఉండదు. ఐదు, ఆరు వారాలకు రాత్రి కూడా ఉండదు. ఆ తరువాత పెరటిలో వదలవచ్చు.

విద్యార్థిని తల్లి మరల 50 పిల్లలను తెచ్చింది. ఈసారి రెండు వలయాలు, రెండు ఇనుప తట్టలు. ఆరవ వారానికి 47 మిగిలినవి. ఆమె ఇంటికి వెళ్ళి చూచిన సాయంత్రం తట్టలు అప్పటికే విప్పి గోడకు ఆనించి ఉన్నవి, కంచె అట్టలు పొయ్యిలోకి పోయినవి. పెరటిలో తిరిగిన పిల్లలు ప్రొద్దు వాలగానే ఒక్కొక్కటే లోపలికి వచ్చి, తట్ట వ్రేలాడిన కొక్కెం క్రింద, ఏమీ లేని నేల మీద, గుండ్రంగా కూర్చున్నవి.